జేబు

గూడూరు జంక్షన్ బయట టీ బంకు పక్కన
ముప్పై రెండేళ్ళుగా నా మిషనుది ఒకటే చప్పుడు.
పెంచలమ్మక్క కొలతలు
పాత నోటుపుస్తకంలో ఇంకా ఉండాయి.
మొట్టమొదటిది ఎర్ర పెన్సిలుతో:
హీరోయిన్ స్నేహితురాలు, బుట్టచేతులు, వీపు మీద ముడి.

ఆరేళ్ళకే తెల్లగుడ్డ తెచ్చింది.
"ఇంక నేను అమ్మని మస్తానూ, మోచేతి దాకా పెట్టు."
అప్పటికి ఆమెకి ఇరవై తొమ్మిది.
కొడుకు వేషం కట్టినాయనకి నలభై.

తెల్లారుజామున మద్రాసు పాసింజరెక్కి పోయేది,
అక్కడ చచ్చిపోయి
రాత్రి బండికి తిరిగొచ్చేది.
ఒకసారి కత్తిపోటుతో, రెండుసార్లు క్షయతో.
రానురాను పోవాల్సిన పనే లేకపోయింది.
ఫోటో పంపితే చాలు, దండ వాళ్ళే వేసుకుంటారు.
ఆ ఫోటోకి జాకెట్టు కూడా నేనే కుట్టినా.
భుజాల దాకే కనపడతాదని
చేతుల అంచు మడవలా.

హాల్లో మా ఇంటామె ఏడ్చేది.
నేను మాత్రం
చంక కింద కుట్టు పిగిలిందేమోనని చూస్తా కూర్చునేవాణ్ణి.

మొన్న మంగళవారం వచ్చింది. జుట్టుకి రంగు లేదు.
"ఏందక్కా, ఈసారి ఎవురికి అమ్మవి?"

"అదే నేనూ అడిగినా ఆ పిల్లని.
డైరెక్టరంట, పాతికేళ్ళు కూడా ఉండవు.
ఎవురికీ కాదంట.
కోట కాడ రొయ్యల గుంటలు నాయంట, అప్పులంట,
కరెంటోళ్ళతో కొట్లాడాలంట.
ఏడిసే సీను యాడమ్మా అంటే
కాయితాలన్నీ తిరగేసి, లేదే, అనింది."

నవ్వింది. మధ్యలోనే ఆగింది.
"చేతులేం చేసుకోవాల్నో తెలీడం లా మస్తానూ.
హారతి పళ్ళెమో, కొంగో, ఎవురి తలకాయో
ఏదో ఒకటి ఉండేది ఇన్నాళ్ళూ."

చీర మీదికి మగోళ్ళ చొక్కా కావాలంట,
గుంటల కాడ పనికిపోయే ఆడోళ్ళు తొడుక్కునేదే.
నీలం గుడ్డ.
గుండె చుట్టుకొలత పాతదానికి నాలుగంగుళాలు ఎక్కువ.
టేపు జారితే కొస తనే పట్టుకుంది.

"జేబు?"
ఈ మాట ఆమెని నేను ఎప్పుడూ అడగలా.

స్టేషను వైపు చూసింది కొంచేపు.
ఏదో గూడ్సు బండి, ఎంతకీ అయిపోదు.
"పెట్టు. లోతుగా పెట్టు.
ఫోను పట్టాల, మేత కొట్టు రసీదులు పట్టాల."
మెట్టు దిగి, మళ్ళీ వెనక్కొచ్చి,
"పొగాకు కూడా" అనింది.

రాత్రి చేతుల అంచు రెండు మడతలు మడిచినా.
జేబులో నా చెయ్యి పెట్టి చూసుకున్నా,
మణికట్టు దాకా పోయింది.
ఆమెకి ఇంకో అంగుళం కావాలేమో,
రేపు అడగాల.