చిల్లున్న తూటా

జూన్ నెల. నీవా నదిలో నీళ్లు లేవు.
గుజ్జు ఫ్యాక్టరీల నుంచి తోతాపురి పులుపు
చిత్తూరు పెరేడు గ్రౌండు గోడ దూకి వచ్చి
మా ఖాకీ చొక్కాల చెమటలో కలిసేది.

ఆయుధాల గది వెనక, రేకుల పంచలో
దొరసామి సారు ముక్కాలి పీట మీద కూర్చుని
ఎప్పుడో పేలి ఖాళీ అయిన ఇత్తడి తొడుగుల్లోకి
మామిడిపెట్టె చెక్కని ముక్కులుగా చెక్కి దిగ్గొట్టేవాడు.
మందు లేదు. సీసం లేదు.
పక్కటెముకల దగ్గర, ఇటునుంచి అటు, ఒక చిల్లు.
ఎర్రరంగుకి ఆఫీసులో శాంక్షన్ రాలేదని
కూతురి గోళ్లరంగు సీసా జేబులో వేసుకొచ్చేవాడు.
"మా కమలవేణి చూసిందంటే నా గోళ్లు పీకుతుంది."

"చిల్లు చూడు మే. ఆ పక్క వెలుతురు అగపడాల.
అగపడలేదా, అది నేను కన్న బిడ్డ కాదు.
కింద పెట్టి నన్ను పిలువు."

ముప్పైమంది ఆడపిల్లలం వరసగా కూర్చుని
ఒక కన్ను మూసి
తూటాలోంచి ఆకాశం చూసేవాళ్లం.
నా దాంట్లో ఒకరోజు మబ్బు తునక.
ఒకరోజు నీళ్లట్యాంకు మీద కాకి.

నింపడం, తీయడం, గదిలోకి వేలు పెట్టి తడమడం,
"ఖాళీ" అని నోటితో చెప్పడం.
ఖాళీ అని తెలిసినా చెప్పడం.
ధనకోటి ఒకసారి నవ్వుతా నవ్వుతా
పక్కదాని వైపు గొట్టం తిప్పింది, "ఉత్తిదే కదా" అని.
సారు అరవలేదు.
రైఫిల్ తీసుకుని చేతికి చీపురిచ్చాడు, మూడు రోజులు.
చీపురు మూతి కూడా నేలకేసే ఉండాలి.

ఫైరింగు రోజు
మాకు వీపు తిప్పి ఆయనే నింపాడు,
నిజమైన వాటి మధ్య ఎక్కడో ఒక ఎర్రగోరు.
మొదటిది పేలింది. రెండోది పేలింది.
మూడోది టక్కుమంది, అంతే.
నా భుజం మాత్రం ఎగిరింది,
కళ్లు మూసుకున్నాయి,
గొట్టం కోడిపెట్టలా నేలని పొడిచింది.
తూటా పేలలేదు. నేను పేలాను.
అందరూ చూశారు.

సారు పక్కన గొంతుక్కూర్చుని
"ఏం పేలిందని?" అన్నాడు, మెల్లగా.

యాదమరిలో మా చేను గట్టున
పందుల కోసం ఎవరో పెట్టిన నాటుబాంబుని
పిండివాసనకి మా పుల్లావు కొరికింది.
నాకు తొమ్మిదేళ్లు. తాడు నా చేతిలోనే ఉంది.
ఆ మాట ఆయనకి చెప్పలేదు.

ఆయనా మళ్లీ అడగలేదు.
ఐదు ఎర్రవి నా అరచేతిలో పోశాడు.
గొట్టం చివర రూపాయి బిళ్ల నిలబెట్టి
"ఇది పడకుండా నొక్కు. పడితే మళ్లీ ఎత్తిపెట్టు" అని
టీ తాగడానికి వెళ్లాడు.
బిళ్ల పడుతూనే ఉంది.
ఆ చప్పుడుకి వంటగది పిల్లి కూడా అలవాటు పడింది.
పదకొండో రోజు సాయంత్రం
టక్కుమన్నాక చూస్తే బిళ్ల అక్కడే ఉంది.
నేనూ అక్కడే ఉన్నాను.

ఏడేళ్ల తర్వాత, సారు రిటైరయ్యే రోజు.
షామియానా కింద శాలువా, మాల, పెద్దాఫీసరు, మైసూరుపాకు.
దారానికి పగడాల్లా గుచ్చిన తూటాలు
అప్పగించబోతూ లెక్కపెట్టాడు. ఇరవైమూడు.
మళ్లీ లెక్కపెట్టాడు.
"ఉత్తిదే కదా సార్, పోతే పోయె" అన్నాడు కొత్త కుర్రాడొకడు.
దొరసామి సారు వాడిని కాసేపు చూశాడు.
తర్వాత ఇస్త్రీ ప్యాంటుతోనే
గులకరాళ్లలో మోకాళ్ల మీద కూలబడ్డాడు.
పెద్దాఫీసరు వాచీ చూసుకున్నాడు.
నేనూ కూలబడ్డాను, ధనకోటీ కూలబడింది.

గంట పట్టింది.
గేటు పక్క కాలవలో, వానకి చెక్క ఉబ్బి,
చిల్లు నిండా మన్ను.
అగ్గిపుల్లతో తీసి, ఉఫ్ అని ఊది,
ఒక కన్ను మూసి పైకెత్తి చూశాడు.

"ఇరవైనాలుగు. రాసుకో" అన్నాడు.
అప్పుడొచ్చి మాలకి మెడ వంచాడు.