ఒత్తులొస్తయా నీకు?

నలభై గంటలు కావాలి.
మా బడిలో పదో తరగతి దాటాలంటే
మార్కులతో పాటు మంచితనానికీ ఒక ఫారం ఉంది.
తేదీ, చోటు, గంటలు, సంతకం.

దుర్గం చెరువు గట్టు మీద ఆరు రాసుకున్నాను.
అందులో ముప్పావు గంట
చేతితొడుగులు కనబడేలా ఫొటోకి నిలబడ్డదే.
మా అపార్ట్‌మెంట్ లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు అంటించి తొమ్మిది.
ఒక్కటీ తెరవలేదు.
అక్కడివీ ఇక్కడివీ కలిపితే ముప్పై ఆరు.
మిగిలిన నాలుగింటి కోసం
మార్చి ఎండలో మలక్‌పేట మెట్రో దిగాను.

ఇంటర్ చరిత్ర పరీక్ష.
యెల్లేశ్వరి చెబుతుంది, నేను రాయాలి.
ఆమెకు చూపు లేదు,
నాకు ఆమె చదివిన చదువు ఉండకూడదు.
అందుకే కింది తరగతి పిల్లను పిలుస్తారట.
నా వేళ్లు ఒకసారి తడిమి చూసి
పేరైనా అడక్కుండా అంది:
"ఒత్తులొస్తయా నీకు?"

వస్తాయన్నాను. సగం అబద్ధం.
రెండో పేజీలోనే దొరికిపోయాను.
"వరద ఉద్ధృతి" అంది. కలం తడబడింది.
"ద కింద ధ ఒత్తు. దానికి సుడి."
చెబుతూ బల్ల మీద గోటితో చుక్కలు పెట్టింది.
ఆ మాట ఆమెకు చుక్కల్లో తెలుసు,
నాకు గీతల్లో తెలీదు.

తర్వాత ఒక మార్కు ప్రశ్న.
మూసీ వరదలు ఏ సంవత్సరం?
"పంతొమ్మిది వందల పద్దెనిమిది,"
గట్టిగా అంది, ఊరి పేరు చెప్పినట్టు.

నాకు తెలుసు.
ఆరో తరగతిలో ఉస్మానియా ఆసుపత్రి వెనక
చింతచెట్టు కింద వరసగా నిలబెట్టి చెప్పారు,
ఈ కొమ్మలు పట్టుకునే జనం బతికారని.
జ్యూస్ తాగుతూ విన్నాను.
నేను విన్న సంవత్సరం వేరు.

ఒకటి వేశాను. తొమ్మిది వేశాను.
కలం ఆగింది,
ఫ్యాను ఒక్క చుట్టు తిరిగినంతసేపు.

ఆమె తల ఇటు తిప్పింది.
"ఆగినవ్."
"లేదక్కా."
"గీరుడు ఆగింది. ఇనబడ్డది."
కిటికీ దగ్గర ఇన్విజిలేటర్ ఆవలిస్తోంది.
"నేను చెప్పిందే ఉంచు.
ఇప్పుడు మారిస్తే ఆ మార్కు నీదయితది."

ఒకటి. ఎనిమిది.
తప్పును అంత గుండ్రంగా ఎప్పుడూ రాయలేదు.

ఆ తర్వాత నేర్చుకున్నాను,
ఒప్పుకూ తప్పుకూ ఒకే వేగంతో కలం నడపడం.
మూడు గంటలకు గంట కొట్టారు, గది ఖాళీ అయింది.
మాకింకో గంట ఉంది.
ఆయా మా కాళ్ల చుట్టూ ఊడ్చుకుంటూ పోయింది.
యెల్లేశ్వరి చివరి జవాబును మళ్లీ మొదటినుంచి చదివించుకుంది,
ఒక కామా పెట్టించింది.

"కోఠి దాకా రా," అంటే బస్సెక్కాను.
మలక్‌పేట దాటాక అడిగింది:
"పరీక్ష అయిపోయింది. ఇప్పుడు చెప్పు. ఏ సంవత్సరం?"
"పంతొమ్మిది వందల ఎనిమిది."
ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగేలా నవ్వింది.
"అయితే నా వరద పదేండ్లు లేటు.
అందరు ఈత నేర్సుకునే ఉంటరు."

చాదర్‌ఘాట్ వంతెన మీద బస్సు నెమ్మదించింది.
నేను ఫోన్ చూస్తున్నాను.
"మూసీ," అంది ఆమె, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని.

సోమవారం దమయంతి మేడం
ఫారంలో నాలుగు కొట్టేసి మూడు వేసింది.
"పరీక్ష మూడు గంటలే కదమ్మా,
టైం టేబుల్ చూశాను."
అదనపు గంట గురించి చెప్పాలని నోరు తెరిచాను.
ఆయా గురించి, ఆ కామా గురించి.
పైన ఫ్యాను ఒక చుట్టు తిరిగింది.

"ఉంచండి మేడం."

ముప్పై తొమ్మిది దగ్గర ఉంది నా ఫారం.
అడుగున ఇంకో గడి:
నేర్చుకున్నది యాభై మాటల్లో రాయుము.
ఒక్కటే రాశాను,
ఉద్ధృతి,
ద కింద ధ ఒత్తు,
దానికి సుడి.