ఆరు సెంటీమీటర్లు

తల వెనక, మాడుకి కాస్త కింద,
చర్మానికి ఆనించి కత్తెర పెట్టాలి.
పెన్సిలంత పాయ చాలు.
దుల్మా మెడ వంచింది, పాలు పిండడానికి వంగినట్టు.
నొప్పెడుతుందా అని అడగలేదు.
"జుట్టుకి ఏం తెలుసు?" అంది.

నెలకో సెంటీమీటరు పెరుగుతుందని చెప్పాను.
మూత్రపిండాల నెత్తిన రెండు బుల్లి టోపీలుంటాయి,
భయమేస్తే అవి కార్టిసాల్ ఊరిస్తాయి,
ఊరినదాంట్లో రవ్వంత వెంట్రుకలోకి ఇంకుతుంది.
"టోపీలా!" అని నవ్వింది.
ఆ వేసవి అర్హంగైలో నేను విన్న నవ్వు అదొక్కటే.

ఉలాన్‌బాతర్‌లో మూడో అంతస్తు గది.
పాయని స్పిరిట్‌లో కడిగి, ఆరబెట్టి,
స్కేలు పక్కన పరిచి ఆరు ముక్కలు చేశాను.
మే. ఏప్రిల్. మార్చి. ఫిబ్రవరి. జనవరి. డిసెంబరు.
ఉక్కు గోళీలు గిరగిర తిరిగి
ఒక్కో నెలనీ పిండి చేశాయి.

ఫిబ్రవరే ఎక్కువుంటుందని నాతో నేనే పందెం కట్టుకున్నాను.
ఆ నెలలోనే కదా జుద్ పడింది.
మంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి,
గడ్డి మీద గాజుమూత బిగించింది.
మూడు వందల డెబ్బై గొర్రెలు
నిలబడ్డవి నిలబడ్డట్టే పోయాయి.
ఫిబ్రవరి ఎక్కువే.
ఏప్రిల్ దానికి రెట్టింపు.

యంత్రం తప్పేమోనని మళ్ళీ పెట్టాను. అదే అంకె.
ప్రశ్నల కాగితం తీశాను. ఏప్రిల్ గడిలో ఆమె రాత:
మంచు పోయింది. అంతా బాగుంది.

జులైలో అంకెలు పట్టుకుని వెళ్ళాను.
ఉప్పు టీ పోసింది. వేలు ఏప్రిల్ దగ్గర ఆగింది.
బ్యాంకు మనిషి వచ్చి వెళ్ళిన రాత్రి
పిల్లాడి చేతిలోంచి పాలబకెట్ జారింది.
ఆ చప్పుడుకి చులూన్ లేచాడు,
తోడేలు మీదికి లేచినట్టే.
ఆ తర్వాత నెలంతా ఆమె
రాత్రిళ్ళు కూర్చుని బకెట్‌కి కాపలా కాసింది.

తెలిసింది చెప్పాను.
కణతల లోపల బాదంగింజంత ముద్ద ఉంటుంది,
అది ముందు మండుతుంది, తర్వాత చూస్తుంది,
నెలల తరబడి భయంలో నానితే
నుదుటి వెనక మెదడు దాని కళ్ళెం వదిలేస్తుంది...
ఆమె గిన్నె కింద పెట్టింది.
"ఆ ముద్దకి బ్యాంకువాడి చెంప కనపడలేదేం?
పిల్లాడి చెంపే దొరికిందేం?"

నా పెట్టెలో ఆ పరీక్షకి గొట్టం లేదు.

బయట చులూన్ దడి బాగుచేస్తున్నాడు.
నున్నగా గొరిగిన తల, కొలవడానికేం లేదు.
అతను సుత్తి ఎత్తినప్పుడల్లా
మేకులు అందిస్తున్న తెమూలెన్ భుజాలు
చెవుల దాకా లేస్తున్నాయి.

"ఇంకా వెనక్కి చదవగలవా?" అంది దుల్మా.
లేదన్నాను. ఆరు సెంటీమీటర్లు దాటితే
ఎండా, వానా, తలస్నానాలూ కడిగేస్తాయి,
ఆ పైన జుట్టుకేమీ గుర్తుండదు.

జడ ముందుకి లాక్కుని చూసుకుంది.
నడుము దాకా ఉంది.
"అయితే ఇదంతా
నేనే గుర్తుపెట్టుకోవాలా?"