వందకు ఎనిమిది

పుత్లీబౌలిల ముజ్తబా టేపు తీసి
చక్రం మీద అడ్డంగ పట్టిండు.
"పన్నెండు ఇంచులు. గోలీ లెక్కుంది కాకా.
ఈ సైజు టైరు ఇప్పుడెవడు పెడుతుండు?
పద్నాలుగు ఎక్కియ్యి, బండికి మీసమొస్తది."

తొంభై ఎనిమిది మోడల్ మారుతి ఎయిట్ హండ్రెడ్.
ఒకప్పుడు నేరేడు పండు రంగు,
ఇప్పుడు బానెట్ మీద సున్నం కారినట్టు.

నేను కోఠీల కండ్లద్దాలు అరగదీసేటోణ్ణి.
ముప్పై ఒక్క ఏండ్లు, అదే స్టూలు.
గాడిల అద్దం గట్టిగ కూసోవాలంటే
వెంట్రుకంత పెద్దగుండాలె.
రెండు వెంట్రుకలైందనుకో,
ఆ రోజేం గాదు.
వారానికి గిరాకి వస్తడు
మూలకు చిట్లిన అద్దం పట్టుకొని.

అందుకే అడిగిన, "లోపల సందెంతుంది?"
ముజ్తబా ఫెండర్ కింద వేలు పెట్టిండు.
వేలు పట్టింది, ఉంగరం పట్టలేదు.
"సరిపోతది" అన్నడు.
ఆ మాట నాకెరుకే.
గిరాకీలకు నేను గూడ అదే చెప్త.

అల్లాయ్‌లు పాతయే.
ఎవరో ఎస్టీమ్ పిలగాడు ఇంకా పెద్దయి కొనుక్కొని
వీటిని ఇడిసిపెట్టి పోయిండట.
ఐదు పుల్లలు. ఒకదాని అంచుకు
ఫుట్‌పాత్ కొరికిన గాటు.
"గాటు లోపలి దిక్కు తిప్పి బిగించరాదా?" అంటే
పానా పట్టుకున్న పోరడు పడిపడి నవ్విండు.

ఒక్కటే జాకీ.
నాడా కొట్టించుకునే టాంగా గుర్రం లెక్క
బండి ఒక కాలు లేపి నిలబడ్డది.
రంగు పగలకుండ రేకును వేడి గాలితోని మెత్తజేసి,
టైరుకూ రేకుకూ నడుమ
విరిగిన క్రికెట్ బ్యాటు పిడి దూర్చి,
బండిని జరంత ముందుకు, జరంత వెనక్కు.
అంచు లోపలికి ఒరిగింది.
రంగు పగలలేదు.
నా దవడ మాత్రం రాత్రిదాక నొచ్చింది.

పాత చక్రాలు గోడకు ఆనిచ్చిండ్రు.
గంత చిన్నయా!
వీటి మీదనేనా శ్రీశైలం ఘాటు దిగొచ్చింది,
బ్రేకులు కాలిన వాసన ముక్కుల పెట్టుకొని?

"కాంటా పెట్టాల్నా?"
"మూడు పెట్టు. ఒకటి స్టెప్నీకి ఉండనియ్యి."
"పంచరైతే బండి కుంటుతది కాకా."
"కుంటనియ్యి."
నా ఎడమ చెప్పుకు ముప్పావు ఇంచు అట్ట ఎక్కువుంటది.
పోరడు దాని దిక్కు చూసి
చూడనట్టు జాకీ దించిండు.

చాయ్ తాగుకుంట ముజ్తబా చెప్పిండు,
"మీటరు ఇగ అబద్ధం చెప్తది, మనసుల పెట్టుకో.
ముల్లు నలభై అంటే
నేల మీద నలభై మూడున్నర.
వంద పోతే తొంభై రెండే రాస్తది."

సైదాబాదు నుంచి కోఠీకి
రానుపోను పన్నెండు.
అంటే రోజుకొక కిలోమీటరు
ఏ ఖాతాల పడదు.
ఇన్నేండ్లల్ల నాకు ముఫత్‌గ దొరికింది
ఇదొక్కటే అనుకుంట.

చాదర్‌ఘాట్ దాటంగనే స్టీరింగ్ బరువెక్కింది.
మలక్‌పేట రైలు వంతెన కింద నిన్నటి వాన.
రోజూ సైలెన్సర్ మూతి తడుపుకునే బండి
ఇయ్యాల కొంగు ఎత్తిపట్టుకొని దాటింది.
సీటుల నేనే జర నిటారుగ కూసున్న,
బస్సు డ్రైవర్ నా కండ్లకు సమానమైతడేమో అని.
కాలేదు.

నల్గొండ చౌరస్తా కాడ యూటర్న్.
స్టీరింగ్ నిండ తిప్పంగనే
కింద కర్ర్‌ర్‌మన్నది.

రెండు వెంట్రుకలు.

వెనక ఆటో హారన్ మీద చెయ్యి తియ్యడు.
జర సదిరి, వెనక్కు వచ్చి, మళ్ల తిప్పిన.
ఒక్క మలుపును రెండు జేసుకున్న.

ఇంటి ముందట అండాలు చుట్టూ తిరిగి చూసింది.
"ముసలిదానికి బూట్లు తొడిగినవ్. ఎంతైంది?"
చెప్పిన,
వందకు ఎనిమిది తగ్గించి.

ఆమె ఏమనలేదు.
వంగి ఫెండర్ కింద వేలు పెట్టింది,
ఉంగరం కాడ ఆగింది.
చెయ్యి కొంగుకు తుడుసుకొని
లోపల కూసొని డోరేసుకున్నది.

"ఒక చక్కర్ కొట్టు.
గల్లీ మలిగేటప్పుడే ఇన్న దాని ఏడుపు.
సీదా తొవ్వల పోనియ్యి."