బెజ్జాలు వేసే మనిషి

ఆల్టోనాలో, రేవుకు దిగే మెట్ల పక్కన
నేలమాళిగలో నా కొట్టు.
బోర్డు మీద "బెల్టులు, సంచులు, మరమ్మతులు" అని ఉంటుంది.
అబద్ధమేం కాదు. మరమ్మతులూ చేస్తాను.

ఇరవై రెండేళ్ళుగా మెడలు కొలుస్తున్నాను,
మణికట్లు, చీలమండలు.
అందరికీ ఒకే నల్లతోలు చుట్టలోంచి కోస్తాను.
ఆరె దిగేచోటు మాత్రం ఎవరిది వాళ్ళదే.
టేపు చల్లగా తగలగానే
ఒక్కొక్కరు ఒక్కోలా ఊపిరి బిగబడతారు.
నేను రాసుకునేది అంకె.
గుర్తుండేది ఆ ఊపిరి.

త్యార్క్ ఎల్బే నది మీద ఫెర్రీ నడుపుతాడు.
పొద్దంతా తాళ్ళు విప్పమని, కట్టమని అరిచి అరిచి
శుక్రవారం రాత్రి ఎవరో "కూర్చో" అంటే కూర్చుంటాడు.
చూశావా, అదీ లెక్క, అంటారు తెలిసినవాళ్ళు.
మరి స్వాంత్యె?
పసిపిల్లల బడిలో ముప్ఫైమంది
కొంగయితే కొంగు, జుట్టయితే జుట్టు పట్టి లాగుతారు.
సాయంత్రం ఆమే మోకాళ్ళ మీద కూర్చుంటుంది,
మొహం తేటగా, ఇప్పుడే తలంటుకున్నట్టు.
నేను లెక్కలు మానేసి
దారానికి మైనం పూసుకుంటాను.

నెలకోసారి, మొదటి మంగళవారం,
కాఫీ హోటలు వెనకగదిలో కలుస్తాం.
మామూలు బట్టలు. బంగాళాదుంపల సూపు.
నడుంనొప్పులు, ఇంటద్దెలు.
ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే,
ఇక్కడ అన్నీ ఉలిపికట్టెలే.
అవన్నీ ఒకచోట చేరేసరికి
వాటికీ ఒక దారి పడింది, ఒక రంగు,
"మనవాళ్ళు అలా చెయ్యరు" అనే ఒక పెద్దమనిషి.

మా పెద్దమనిషి ఎగ్బెర్ట్.
ఎలా నిలబడాలి, ఎవరు ముందు మాట్లాడాలి,
అన్నిటికీ ఆయన దగ్గర పద్ధతి ఉండేది.
ఇంకో అనే కుర్రాడు గులాబీ రంగు పట్టీ అడిగిన రోజు
ఆయన చూసిన చూపుకి నా టీ చల్లారిపోయింది.
ఆ పట్టీ నేనే కుట్టాను.
రెండు వరసల కుట్టు.

ఫిబ్రవరిలో ఎగ్బెర్ట్ పోయాడు.
నలభైమందిమి వెళ్ళాం, నల్లబట్టల్లో.
ఆ ఒక్కరోజూ మమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు.
వాళ్ళక్క హెడ్‌విగ్ చేతికర్ర మీద వాలి అడిగింది:
"మీరంతా ఏ సంఘం?"
త్యార్క్ బూట్లు చూసుకున్నాడు.
స్వాంత్యె ఆకాశం చూసింది.
గులాబీ పట్టీ మెడకే ఉంచుకుని ఇంకో అన్నాడు:
"ఆగమంటే ఆగే సంఘం, అమ్మా."
ఆమెకు వినపడిందో లేదో,
"మా తమ్ముడు చిన్నప్పుడు ఎంత చెప్పినా ఆగేవాడు కాదు" అంది.

ఆగమని చెప్పడానికి ఎవరి మాట వాళ్ళకుంటుంది.
త్యార్క్‌ది లంగరు. స్వాంత్యెది ముల్లంగి.
ఎగ్బెర్ట్‌ది ఒక్క యెన్స్‌కే తెలుసు.
అతను చెప్పడు. మేమూ అడగం.

మొన్న ఒక కొత్తపిల్ల మెట్లు దిగి వచ్చింది.
వాన, తడిసిన గొడుగు, ఎక్కడ పెట్టాలో తెలీదు.
"మనలాంటివాళ్ళు ఏం వేసుకుంటారు?" అంది.
మనలాంటివాళ్ళెవరో నాకింకా తెలీదు,
మెడ ఇటు తిప్పు, అన్నాను.
టేపు తగిలింది.
ఊపిరి బిగబట్టలేదు. పకపకా నవ్వింది.
చక్కిలిగింతలట.

అంకె రాసుకోవడం మరిచిపోయాను.
మళ్ళీ రమ్మనాలి.