పాల చీటి

గంట కొట్టనీకి ఇంక మూడు నిమిషాలుంది.
పాత నోటుబుక్కుల ఆఖరి పేజీలు చింపి
నాలుగేసి ముక్కలు చేసి పంచిన.
పేరు రాయకున్నా మంచిదే,
ఇయ్యాల లెక్కల ఏడ ఆగిపోయిన్రో అదొక్కటి రాయిన్రి అన్న.

గుర్రంపోడు బడి, ఏడో తరగతి.
ముప్పై నలుగురిల ఒక్కడు రాలే,
పత్తి ఏరవోయిండట.

నల్లగొండ బస్సుల కిటికీ పక్కన కూసోని
సుద్దముక్కల డబ్బా మూత తీసిన.
మూడు చీటీలు ఖాళీ.
ఒకదాని మీద నా బొమ్మ,
మొఖం కంటె కండ్లద్దాలే పెద్దగ.
ఇంకోటి: "అంత సమజయింది టీచర్."
అంత సమజయినోళ్ల చీటి
ఎప్పుడైనా అందరికంటె ముందుగాల వస్తది.

ఇరవై ఏడింటి మీద ఒక్కటే తప్పు,
ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని నిలబడ్డట్టు:
3.45 పెద్దది, 3.5 చిన్నది.
నలభై అయిదు ముంగట అయిదెంత మరి!

కనగల్ల బస్సాగింది.
పల్లీలమ్మెటామె ఎక్కింది, దిగింది.
ఇరవై ఏడుగురు ఒక్కతీరుగ తప్పిపోతె
తొవ్వ చూపినదాన్నే అడగాలె గదా.
సంచిల ఎర్రపెన్ను ఉన్నది,
ఎవరి మీద పెట్టాల్నో తెల్వక మూత తియ్యలే.

రిజిస్టర్ల ఎఫ్ఏ వన్, ఎఫ్ఏ టూ గడులు
ఎప్పుడో నింపిన.
ప్రాజెక్టు పనికి అందరికి అయిదుకు అయిదు,
చార్టులన్నీ ఒక్క జిరాక్స్ దుకాణంలయే.
ఆ గడులల్ల ఈ ఇరవై ఏడు లేవు.

ఆఖరి చీటి నేనిచ్చిన కాగితం కాదు.
పాలకేంద్రం మిషన్ల నుంచి వచ్చిన సన్న చీటి,
మడతల కాడ తవుడు వాసన.
వెనుక పెన్సిలుతోని కడారి నవనీత:
"పొద్దుగాల 3.45 లీటర్లు పోస్తిమి.
మాపటికి 3.5 పోస్తిమి.
వెన్న ఒక్కతీరే. మాపటికే పైసలెక్కువొచ్చినయి.
మరి క్లాసుల అందరు ఉల్టా ఎందుకు చెప్తున్రు?"

తెల్లారి కొత్త పాఠం తియ్యలే.
నవనీత చేతికి సుద్దముక్క ఇచ్చి
నేను హరిలాల్ పక్కన బెంచి మీద కూసున్న.
ఆమె లీటరు గీసింది, పది గీతలు కొట్టింది.
ఒక్క గీత సందుల మళ్ల పది కొట్టబోతె
సుద్ద ఇరిగింది, అందరు నవ్విన్రు.
"మూడున్నరకు జర తక్కువ, గంతే" అన్నది.

రమావత్ హరిలాల్,
జూన్ నుంచి నోరు తెరువనోడు,
బోర్డు దిక్కు చూసుకుంటనే అన్నడు:
"అంటె టీచర్, చుక్క అవతల ఉన్నయి పెద్ద అంకెలు కావు,
చిన్న చిన్న ముక్కలు."
పదకొండేండ్ల సంది చెప్తున్న,
గింత పొట్టిగ నాకెన్నడు రాలే.
నా డైరీల రాసుకున్న, వాని పేరుతోని.

ఊకెనే అడిగిన:
నవనీతా, వెన్న తక్కువొస్తె మీ అమ్మ ఏం చేస్తది?
"బర్రెనేం అనది టీచర్.
దాణా మారుస్తది. పత్తిచెక్క ఇంకో దోసెడేస్తది.
మాపటికి మళ్ల చీటి చూస్తది."

ఆ పొద్దు సాయంత్రం చీటీల తొమ్మిదింటి మీద
తప్పు ఇంక అట్లనే ఉన్నది.
రెండింటి మీద కొత్త తప్పు,
3.50 కంటె 3.5 చిన్నదట.
దాన్ని చూసి నవ్వొచ్చింది, పానం కూడ నిమ్మళమైంది.
కొత్త తప్పంటె కదిలిన్రన్నట్టే.

ఖాళీ చీటీలు నిన్న మూడు, ఇయ్యాల రెండే.
మూడోదాని మీద
"టీచర్," అని రాసి ఉన్నది.
కామా పెట్టినంక గంట కొట్టిన్రేమో.
ఎవరి అక్షరమో గుర్తుపట్టిన.
రేపు ప్రార్థన కాకముందే పోయి
పక్కన నిలబడాలె.