తేనెరంగు మూడు వరసలు

ఆల్టా నుంచి రోజంతా బండి తోలుకుంటూ
వార్డో చేరాను, నవంబరు చివర్లో.
సూర్యుడు రెండ్రోజుల ముందే సెలవు పెట్టాడు.
మళ్ళీ జనవరిలోనే డ్యూటీకి.
వెనక సీట్లో దుప్పట్లు చుట్టిన నాలుగు నమూనా పలకలు,
కడుపులో పెట్రోలు బంకు సాసేజి,
నోటినిండా అమ్మకం.

అస్లౌగ్ కొట్టు రేవు చివర.
వలలు, గాలాలు, ఎర, పడవలకి ఐసు, డీజిలు.
ముప్పై ఏళ్ళుగా చెక్క మీద సుద్దతో ధరలు రాస్తోంది,
ముప్పై ఏళ్ళుగా తుఫాను తుడిచేస్తోంది.
విసుగొచ్చి నాకు ఫోన్ చేసింది.

బల్ల మీద పలక నిలబెట్టి మీట నొక్కాను.
నాలుగు మిల్లీమీటర్ల చుక్క, లెక్కలేనన్ని రంగులు.
నీళ్ళు చిమ్ముతూ ఒక సాల్మన్ ఎగిరింది,
పొలుసు పొలుసూ లెక్కపెట్టుకోవచ్చు.
అరచేతిలో వైకుంఠం,
చదరపు మీటరు లెక్కన.

ఆమె చేపని చూడలేదు.
"దీన్ని చూడాల్సినవాళ్ళు ఎక్కడుంటారో
అడగవేం?" అంది.
తన తోలుకోటు నా భుజాల మీద పడేసి
ఒడ్వార్ పడవలోకి నెట్టింది.

కొట్లో కుర్రాడు సిగ్వే పలకని గోడకెత్తి పట్టుకున్నాడు.
మేం అలకట్ట దాటాం.
నా చేప ముందు మరకయింది,
తర్వాత ఎవరో కాఫీ ఒలకబోసిన గుడ్డ.
పలక నిండు వెలుగు మంచు మీద పడి, మంచు నుంచి లేచి
మా కళ్ళల్లో సూదులు గుచ్చింది.
ఒడ్వార్ ఇంజను ఆపేశాడు.
"ఆ పచ్చ రేవు దీపమా, మీ చేప తోకా?"

నేను జవాబు చెప్పలేదు.
పదకొండేళ్ళుగా తెరలు అమ్ముతున్నాను,
పాదరక్షల కొట్లకి, బ్యాంకులకి, ఒక చర్చికి కూడా.
ఆ చీకట్లో, వాంతి ఆపుకుంటూ,
మొదటిసారి కొనేవాళ్ళ తరఫున ఒక ప్రశ్న అడిగాను:
ఎంత దూరం నుంచి కనబడాలి?

"ఐసు లేదని తెలిస్తే
వేరే రేవుకి తిరిగిపోయేంత దూరం నుంచి."

ఆ రాత్రి ఎర బుట్టల మధ్య కూర్చుని
జాబితా మళ్ళీ రాశాం.
ఎరుపు వద్దు, పచ్చ వద్దు, అవి దారి దీపాల సొత్తు.
తేనెరంగు ఒక్కటే.
ఇరవై మిల్లీమీటర్ల చుక్క చాలు,
అక్షరం మాత్రం ముప్పావు మీటరు.
ఎగిరేవి, మెరిసేవి, పాకేవి ఏవీ వద్దు.
పెట్టె ముందు నుంచే తెరుచుకోవాలి,
వెనక ఎర గడ్డకట్టించే గది.
అతుకు అతుక్కీ జిగురు,
ఉప్పు తిన్న ఇనుముకి విశ్వాసం ఉండదు.
ఏ ఎండకా గొడుగు పట్టే సెన్సరు:
రాత్రే లేని జూన్‌లో పూర్తిగా విప్పి,
ఎండే లేని డిసెంబరులో దాదాపు ముడిచి.
విడి పలకలు ఆరు, ఇక్కడే అటక మీద,
ఎందుకంటే కొండదారి మూస్తే
కొరియరువాడు తొమ్మిది రోజులు దేవుడితో సమానం.

మొత్తం కూడితే నేను తెచ్చిన ధరలో సగం.
నా కమీషను
ఒక ఎండుచేపంత.
దాన్ని కూడా ఆమె నిజంగానే కాగితంలో చుట్టి ఇచ్చింది.

జనవరిలో బిగించాను, గాలి చెంపలు వాయిస్తుంటే.
సిగ్వే టైపు చేశాడు, అస్లౌగ్ తప్పు దిద్దింది:

ఐసు ఉంది
ఎర రేపు
కాఫీ ఉంది

ఊరు దాటి, సముద్రం కింది సొరంగం ముందు
బండి పక్కకి ఆపి చూశాను.
ఐసు అలికిపోయింది. ఎర ఒక గీత.
మూడో వరస కూడా, నిజం చెప్పాలంటే,
చదవలేకపోయాను.
అక్కడ ఏముందో తెలుసు కాబట్టి కనబడింది.

మల్టీమీటరు అక్కడే మర్చిపోయానని
నాకు నేనే చెప్పుకుని
బండి వెనక్కి తిప్పాను.